భాషా సందేహాలు: అయిదు గళ్ళలో ఇంగ్లీషు మాటలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఇన్ని అక్షరాలే ఉండాలి, ఫలానా అక్షరం ఫలానా చోట రావాలి, అలాంటి ఇంగ్లీషు మాటను పట్టుకోవడం ఎలా అన్నది పాఠకుల ప్రశ్న. అందువల్ల తక్కిన సందేహాలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి వీటికే సమాధానాలు ఇస్తున్నాం. మాట వర్ణక్రమం చెప్పవలసిన చోట ఇంగ్లీషు అక్షరాల పేర్లను వరుసగా తెలుగులోనే రాశాం.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా మనవరాలూ నేనూ రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో వర్డల్ ఆడుతుంటాం. దాచిన అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి. వేసిన అక్షరం సరైన చోటే ఉంటే దాని గడి ఆకుపచ్చగా, మాటలో వేరే చోట ఉంటే పసుపుగా, అసలు లేకపోతే బూడిదరంగుగా మారుతుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను, అయినా నాకంటే ఆ పిల్లే ముందు కనిపెడుతోంది. అచ్చులు ఎక్కువ ఉంటాయని నేను మొదట ఎ-డి-ఐ-ఇ-యూ అనే మాట వేస్తాను. నా పద్ధతిలో లోపం ఉందా? (నెల్లూరు)

జవాబు: మీరు వేసే మాటతో నాలుగు అచ్చుల సంగతి ఒకేసారి తేలుతుందన్నది నిజమే. కానీ అచ్చులు తెలిసినంత మాత్రాన మాట బయటపడదు. దాచిన మాటలో ఎ, ఇ రెండూ ఉన్నాయని తెలిసినా, అలాంటి మాటలు ఇంకా కుప్పలుగా మిగులుతాయి. సి, ఎల్, టి, ఆర్ వంటి హల్లులు ఉన్నాయో లేవో తెలిస్తే ఆ కుప్ప త్వరగా కరుగుతుంది. అందుచేత రెండు అచ్చులూ, బాగా వాడుకలో ఉన్న మూడు హల్లులూ కలిసిన మాటతో మొదలుపెట్టడం మేలు. పలక అనే అర్థమున్న ఎస్-ఎల్-ఎ-టి-ఇ, కొంగ అనే అర్థమున్న సి-ఆర్-ఎ-ఎన్-ఇ అలాంటివి.

ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందన్న లెక్క ఈనాటిది కాదు. తంతి సంకేతాలు కూర్చిన రోజుల్లోనే ఇ అక్షరానికి ఒక్క చుక్క, టి అక్షరానికి ఒక్క గీత కేటాయించారు. ఎక్కువగా పంపవలసిన అక్షరానికి తక్కువ శ్రమ ఉండాలన్నదే అక్కడి సూత్రం. 1930లలో పని దొరకని అమెరికన్ వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికల్లోని అక్షరాలను లెక్కపెట్టి ఒక ఆటను కట్టాడు. అదే తరవాత, అక్షరాల పలకలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ అయింది. దానిలోని 100 పలకల్లో 12 ఇ అక్షరానివి. క్యూ, జడ్, జె, ఎక్స్, కె అక్షరాలకు తలా ఒక్కటే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పత్రికలోని పాఠంలో అక్షరాలు లెక్కపెడితే ఇ తరవాతి స్థానం టి అక్షరానిది, హెచ్ కూడా బాగా పైకి వస్తుంది. 'ద', 'దట్', 'దిస్' వంటి చిన్న మాటలు వాక్యవాక్యానికీ తిరిగి రావడమే అందుకు కారణం. నిఘంటువులోని మాటలను తలా ఒక్కసారే లెక్కపెడితే ఆ రెండూ కిందికి దిగి, ఎ, ఆర్, ఎల్ పైకి ఎక్కుతాయి. వర్డల్‌కు పనికొచ్చేది ఈ రెండో లెక్క. దాదాపు 2,300 మాటలున్న తొలినాటి సమాధానాల జాబితాలో ఎస్‌తో మొదలయ్యేవి 360కి పైగా ఉన్నాయి, ఎస్‌తో ముగిసేవి 40 కూడా లేవు. చివర ఎస్ చేర్చిన మామూలు బహువచనాలను సమాధానాలుగా పెట్టకపోవడం వల్ల ఇలా జరిగింది. మాట చివర ఎక్కువగా కనిపించేవి ఇ, వై. బహుశా మీ మనవరాలు ఈ అలవాట్లను ఆడి ఆడి పసిగట్టి ఉంటుంది.

ఈ ఆటను న్యూయార్క్‌లో ఉండే ఇంజనీరు జాష్ వార్డల్ తన జీవిత సహచరి పలక్ షా కోసం తయారు చేశాడు. ఇంగ్లీషులో సుమారు 12 వేల అయిదక్షరాల మాటలు ఉండగా, ఆమె వాటిని ఒక్కొక్కటే చూసి తనకు తెలిసినవి వేరుచేస్తే 2,500 దాకా తేలాయి. 2021 అక్టోబరులో అందరికీ అందిన ఆటను 2022 జనవరి 31న న్యూయార్క్ టైమ్స్ కొన్నది. ఈ చరిత్రలో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది: సమాధానం ఎప్పుడూ నలుగురి నోట్లో ఆడే మాటే అయి ఉంటుంది. నిఘంటువు మూలల్లో వెతికే పని లేదు.

చాలామంది ఓడిపోయేది చివరి నాలుగక్షరాలు ఐ-జి-హెచ్-టి అని తేలిన తరవాతే. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్ అని వాడుకలో ఉన్నవే ఎనిమిది మాటలు ఆ మూసలో ఉన్నాయి. ఒక్కొక్కటే వేస్తూ పోతే ప్రయత్నాలు అయిపోతాయి. అప్పుడు సమాధానం కాదని తెలిసీ టి-ఇ-ఆర్-ఎం-ఎస్ అనే మాట వేయాలి. ఇ, ఆర్, ఎం, ఎస్‌లలో ఏది పసుపు రంగులోకి మారితే అదే మొదటి అక్షరం. టి మాట చివర ఎలాగూ ఉంది కాబట్టి పసుపు రంగులో కనిపిస్తుంది, ఆకుపచ్చగా మారితే మాత్రం మాట టైట్ అన్నమాట. ఏదీ తేలకపోతే మిగిలేవి ఫైట్, లైట్, నైట్ మూడే. తెలిసిన అక్షరాలను తప్పక వాడాలన్న కఠిన పద్ధతి ఎంచుకుంటే మాత్రం ఈ ఉపాయం సాగదు.

పలకని ఆ జి-హెచ్ అక్కడెందుకని మీ మనవరాలు అడగవచ్చు. పాత ఇంగ్లీషులో ఆ చోట గొంతులో నుంచి వచ్చే ఖకారం వంటి ధ్వని ఉండేది. జర్మన్‌లో రాత్రిని నేటికీ 'నాఖ్ట్' అంటారు. ఇంగ్లీషువారి నోట ఆ ధ్వని కరిగిపోయింది, రాతలో మాత్రం నిలిచింది.

ప్రశ్న: కాలేజీలో స్క్రాబుల్ ఆడుతున్నప్పుడు క్యూ పలక నా చేతికి వస్తే భయం వేస్తుంది. 10 పాయింట్లు ఉన్నా, పక్కన యూ లేకపోతే దాన్ని ఎక్కడా దించలేకపోతున్నాను. యూ అక్కరలేని క్యూ మాటలు నిజంగా ఉన్నాయా? ఉంటే గుర్తుపెట్టుకునే మార్గం చెప్పండి. (హైదరాబాదు)

జవాబు: ఉన్నాయి. పైగా హైదరాబాదులో పెరిగిన మీకు వాటిలో చాలా మాటలు చిన్ననాటి నుంచే తెలుసు.

ముందు క్యూ పక్కకు యూ ఎలా వచ్చిందో చూద్దాం. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించడానికి ముందు రాణి అనే మాటను అక్కడివారు సి-డబ్ల్యూ అక్షరాలతో మొదలుపెట్టి రాసేవారు. తరవాతి కాలంలో ఫ్రెంచి అలవాటున్న లేఖకులు అదే ధ్వనికి క్యూ-యూ అని రాయడం మొదలుపెట్టారు. కనుక ఫ్రెంచి, లాటిన్ దారిలో వచ్చిన మాటల్లోనూ, ఆ దారి పట్టిన పాత ఇంగ్లీషు మాటల్లోనూ ఆ జంట విడిపోదు. జంట విడిపోయి కనిపించిందంటే ఆ మాట వేరే దేశం నుంచి వచ్చిందని గ్రహించవచ్చు.

అరబ్బీలో 'కాఫ్' పేరుతో రెండు వేరువేరు అక్షరాలు ఉన్నాయి. ఒకటి మన కకారం వంటిది, రెండోది నాలుక మొదట్లో, కొండనాలుక దగ్గర పలికేది. ఈ రెండోదాన్ని వేరుగా చూపడానికి పండితులు ఇంగ్లీషులో క్యూ అక్షరం వాడారు. అలా పెద్ద నిఘంటువులకు ఎక్కిన అయిదక్షరాల మాటలను క్యూ ఉన్న స్థానాన్ని బట్టి గుర్తుపెట్టుకోండి. నమాజు దిక్కు అయిన ఖిబ్లా, అంటే క్యూ-ఐ-బి-ఎల్-ఎ, నేల కింద తవ్వే నీటి కాలువ కనాత్, అంటే క్యూ-ఎ-ఎన్-ఎ-టి, ఈ రెండింటిలో క్యూ మొదట్లోనే ఉంటుంది. ఫకీర్, అంటే ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్, నికాబ్, అంటే ఎన్-ఐ-క్యూ-ఎ-బి, వీటిలో నడిమధ్యన వస్తుంది. బురఖా, అంటే బి-యూ-ఆర్-క్యూ-ఎ అన్నదానిలో నాలుగోది; తలాక్, అంటే టి-ఎ-ఎల్-ఎ-క్యూ అన్నదానిలో చివరిది. ఇరాక్, ఖతర్ దేశాల పేర్లు కాబట్టి ఆటలో చెల్లవు.

మన భాషలోకీ ఆ కాఫ్ ఉన్న మాటలు నిజాం, నవాబుల కాలపు కచేరీల ద్వారా విరివిగా వచ్చాయి. ఖైదు, ఖిల్లా, బాకీ, హక్కు, తాలూకా, కలం అన్నింటిలోనూ మూలంలో ఉన్నది ఆ అక్షరమే. తెలుగు లిపిలో దానికి వేరే అక్షరం లేకపోవడంతో కొన్నిచోట్ల క, కొన్నిచోట్ల ఖ అయింది. ఇంగ్లీషువారికి వింతగా కనిపించే ఈ మాటల కుటుంబం తెలుగువారికి ఇంటి మాటలకు దగ్గర బంధువు, ఆ బంధుత్వాన్ని గుర్తుచేసుకుంటే జాబితాలు బట్టీ పట్టనక్కరలేదు.

అన్నిటికంటే చిన్నది, ఎక్కువగా ఆదుకునేది క్యూ-ఐ అనే రెండక్షరాల మాట. దీన్ని 'చీ' అని పలకాలి, చీనా వైద్యంలో ప్రాణశక్తి అని అర్థం. చీనా ప్రభుత్వం 1958లో ఆమోదించిన రోమన్ లిపి పద్ధతిలో ఆ ధ్వనికి క్యూ పెట్టారు. అమెరికాలో ఆడే స్క్రాబుల్ జాబితాలోకి ఈ మాట 2006లో చేరింది. పలకల్లో ఐ తొమ్మిది ఉంటాయి కనుక దాని తోడు సులువుగానే దొరుకుతుంది.

ప్రశ్న: జి-ఆర్-వై అక్షరాలతో ముగిసే ఇంగ్లీషు మాటలు మూడని, యాంగ్రీ, హంగ్రీ కాక మూడోది చెప్పమని స్నేహితులు పందెం కాశారు. ఏమిటది? (కరీంనగర్)

జవాబు: వాడుకలో మూడోది లేదు. ఈ పొడుపుకథ 1975 నుంచి అమెరికాలో చక్కర్లు కొడుతోంది. నోటి నుంచి నోటికి పోయేసరికి అసలు ప్రశ్నలోని మాటలు మారిపోయి, జవాబు లేని రూపం మిగిలింది. పెద్ద నిఘంటువులు తిరగేస్తే ఆఫ్రికాలో దొరికే ఒక రకం గాజుపూసల పేరు ఎ-జి-జి-ఆర్-వై, తలపాగా అర్థంలో పి-యూ-జి-జి-ఆర్-వై దొరుకుతాయి. రెండోది హిందీ 'పగ్డీ'యే. మీ స్నేహితులు దాన్ని ఒప్పుకుంటే పందెం మీదే.

ప్రశ్న: ఎ, ఇ, ఐ, ఓ, యూ అనే అయిదు అచ్చుల్లో ఒక్కటీ లేని మాటలు ఇంగ్లీషులో ఉన్నాయని మా మాస్టారు చెప్పారు. అచ్చు లేకుండా మాట ఎలా పలుకుతారు? (రాజమహేంద్రవరం, తొమ్మిదో తరగతి)

జవాబు: మీ మాస్టారు చెప్పింది నిజం, మీ సందేహమూ సరైనదే. అచ్చు అక్షరం లేకపోవచ్చు గానీ అచ్చు ధ్వని లేకుండా మాట పలకడం కష్టం. ఇంగ్లీషులో అయిదు అచ్చులు అని బడిలో చెప్పేది అక్షరాల లెక్క. నోటితో పలికే అచ్చు ధ్వనులు అంతకంటే చాలా ఎక్కువ. అందుకే వై కూడా అనేక మాటల్లో అచ్చు పని చేస్తుంది. సమాధిగృహం అనే అర్థమున్న సి-ఆర్-వై-పి-టి, వనదేవత అనే అర్థమున్న ఎన్-వై-ఎం-పి-హెచ్, సిగ్గుగా అనే అర్థమున్న ఎస్-హెచ్-వై-ఎల్-వై అలాంటివి.

వీటిలో మొదటి రెండూ గ్రీకు నుంచి వచ్చినవి, మూడోది అచ్చమైన ఇంగ్లీషు. గ్రీకులో 'ఉప్సిలాన్' అనే అచ్చు ఉంది. రోమన్లు దాన్ని తమ లిపిలోకి వై ఆకారంలోనే తెచ్చుకున్నారు. లయ అనే అర్థమున్న ఆర్-హెచ్-వై-టి-హెచ్-ఎం కూడా గ్రీకు మాటే. దానికి బహువచనపు ఎస్ చేరిస్తే ఏడక్షరాలవుతుంది, ఆ అయిదు అచ్చులు లేని వాడుక మాటల్లో అంతకంటే పొడవైనది కనిపించదు. 'రిథమ్' అని నెమ్మదిగా పలికి చూడండి, రెండు అచ్చులు వినిపిస్తాయి. రాతలో వై ఒక్కటే ఉంది, రెండో అచ్చుకు అక్షరమే లేదు.

వై కూడా లేని మాట ఒకటి చెబుతాను, మీ మాస్టారికి చూపండి: సి-డబ్ల్యూ-ఎం. 'కూమ్' అని పలుకుతారు, కొండల నడుమ గిన్నెలా ఉండే లోయ అని అర్థం. ఇది వేల్స్ దేశపు భాష నుంచి వచ్చింది, ఆ భాషలో డబ్ల్యూ అచ్చుగా పనిచేస్తుంది. ఎవరెస్టు ఎక్కేవారు దాటే ఒక మంచులోయకు 1921లో జార్జ్ మాలరీ పెట్టిన పేరులో ఈ మాట ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. స్పెల్లింగ్ బీ పోటీకి తయారవుతున్నాడు. ఆరక్షరాల మాటలు, ఏడక్షరాల మాటలు, పన్నెండక్షరాల మాటలు అని పొడవును బట్టి విడగొట్టి రోజుకు వంద చొప్పున బట్టీ పట్టిస్తున్నాను. పెద్ద మాటలు వచ్చేశాయి గానీ చిన్న మాటల దగ్గరే తడబడుతున్నాడు. తిట్టలేక, చూస్తూ ఊరుకోలేక సతమతమవుతున్నాను. (డాలస్, అమెరికా)

జవాబు: అమ్మా, బాబును తిట్టవలసిన తప్పు అతని వైపు ఏమీ లేదు. మాట పొడవుకీ కష్టానికీ సంబంధం తక్కువ. పొడవైన మాటలో సాధారణంగా తెలిసిన ముక్కలే ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ముందు ఒక ఉపసర్గ, నడుమ ఒక ధాతువు, చివర ఒక ప్రత్యయం గుర్తుపడితే మాట దానంతట అదే కట్టుకుంటుంది. చిన్న మాటలో అలాంటి ఆధారం దొరకదు. 2024 జాతీయ పోటీలో విజేత చివరగా చెప్పిన మాట ఎ-బి-ఎస్-ఇ-ఐ-ఎల్. తాడు పట్టుకుని కొండ దిగడం అని అర్థం, ఉన్నవి ఆరే అక్షరాలు. అది జర్మన్ మాట అని తెలిసిన పిల్లవాడు ఆ భాషలో 'ఐ' ధ్వనికి ఇ-ఐ అని రాస్తారని గుర్తుచేసుకుని సరిగ్గా చెప్పగలడు. తెలియనివాడు ఐ ఒక్కటే రాయాలా, వై రాయాలా అని ఊహించుకోవలసిందే. ఆ పోటీలో మాట ఏ భాషలో పుట్టిందో అడిగే హక్కు పిల్లలకు ఇచ్చింది కూడా అందుకే.

కనుక మీ జాబితాలను పొడవును బట్టి కాక పుట్టిన భాషను బట్టి మళ్ళీ విడగొట్టండి. గ్రీకు మాటల్లో ఎఫ్ ధ్వనికి పి-హెచ్, కకార ధ్వనికి సి-హెచ్, రకారంతో మొదలైతే ఆర్-హెచ్ వస్తాయి. ఫ్రెంచి మాటల చివర 'ఓ' అని వినిపిస్తే అది ఇ-ఎ-యూ కావచ్చు, 'క్' అని వినిపిస్తే క్యూ-యూ-ఇ కావచ్చు. ఇలాంటి అలవాట్లు పది నేర్చుకుంటే వందల మాటలకు తలుపు తెరుచుకుంటుంది. రోజుకు వంద మాటలు ఆ వయసు పిల్లవాడికి చాలా ఎక్కువ. ఇరవై మాటలు తీసుకుని, ఒక్కోదాని పుట్టుక కథలా చెప్పండి. మన పందికొక్కు ఇంగ్లీషులో 'బాండికూట్'గా ఎలా మారిందో చెప్పి మొదలుపెడితే, ఆ తొమ్మిది అక్షరాలను అతడు జన్మలో మరిచిపోడు.

ప్రశ్న: మా పాఠశాల వార్షికోత్సవంలో అయిదు గళ్ళ ఆటను తెలుగులో పెట్టాలని ఉంది. లెక్క దగ్గరే చిక్కు వస్తోంది. 'స్త్రీ' ఒక అక్షరమని నేనంటే, ఫోన్‌లో ఆరు కనిపిస్తున్నాయని పిల్లలు వాదిస్తున్నారు. (విశాఖపట్నం, తెలుగు ఉపాధ్యాయురాలు)

జవాబు: వ్యాకరణం ప్రకారం మీరు చెప్పిందే సరి. స్త్రీ ఒక అక్షరం, రాష్ట్రం రెండు, గంట రెండు. కంప్యూటరు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని విడివిడిగా దాచుకుంటుంది కాబట్టి పిల్లలకు ఆరు కనిపించాయి. మన గళ్ళ నుడికట్టులో గడికి ఒక అక్షరం చొప్పున, ఒత్తులూ గుణింతాలూ కలిపే రాస్తాం. మీ ఆటలోనూ అదే పాటించండి.

ఫలానా అక్షరం ఫలానా చోట రావాలన్న నియమం మనకు కొత్త కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రాచుర్యానికి తెచ్చిన అవధానంలో న్యస్తాక్షరి అంటే అదే కదా! పద్యపాదంలో ఇన్నో స్థానంలో ఈ అక్షరమే ఉండాలని పృచ్ఛకుడు అడుగుతాడు. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా ఒక అక్షరాన్ని వద్దంటాడు. ఆకుపచ్చ గడి, బూడిదరంగు గడి చేసే పని ఈ రెండూ చేసేదే. మీ పిల్లలకు ఆట చెప్పేముందు ఈ సంగతి తప్పక చెప్పండి.

చిక్కు మరొకచోట ఉంది. ఇంగ్లీషు గడిలో పట్టేవి 26 అక్షరాలే. తెలుగులో ఒత్తులు కలపకుండా గుణింతాలు కట్టినా నాలుగు వందలు దాటతాయి. కాబట్టి అయిదు గళ్ళు పిల్లలకు భారమవుతాయి, మూడు గళ్ళతో మొదలుపెట్టండి. హల్లు సరిపోయి గుణింతం తేడా ఉన్నప్పుడు చూపడానికి నారింజ వంటి మరో రంగు కూడా ఉంచండి. సమాధానం 'కమలం' అనుకోండి, ఒక పిల్ల 'కలము' అని రాసింది. క ఆకుపచ్చ అవుతుంది. ల, ము రెండూ సమాధానంలో ఉన్నవి కావు గనుక ఇంగ్లీషు ఆట పద్ధతిలో అవి బూడిదరంగులోనే ఉండిపోయి పిల్లను తప్పుదారి పట్టిస్తాయి. నారింజ రంగు వేస్తే లకారమూ మకారమూ ఎక్కడో ఉన్నాయని ఆమెకు తెలుస్తుంది, రెండో ప్రయత్నంలోనే 'కమలం' రాయగలుగుతుంది.